పేట భద్రతకు నేర రేటు కొలమానమా?

ప్రశ్న: కోయంబత్తూరు పీలమేడులోగాని, మదురై తిరుమల నాయకుని మహలు పరిసరాల్లోగాని ఇల్లు తీసుకోదలచినవారు నేర రేటును నమ్మవచ్చునా?

జవాబు: నేర రేటు అంటే లక్ష జనాభాకు ఏడాదిలో నమోదైన కేసుల సంఖ్య. జాతీయ నేర రికార్డుల సంస్థ వార్షిక నివేదికలో, 2011 జనగణన ప్రకారం ఇరవై లక్షలు దాటిన 19 మహానగరాల పట్టికలో కోయంబత్తూరు ఉన్నది గాని మదురై లేదు కనుక, ఈ రెండింటినీ ఆ పట్టికతో పోల్చడం కుదరదు. నగరపు సగటు ఒక పేట పరిస్థితిని చెప్పనూ చెప్పదు.

అసలు చిక్కు హారంలో ఉన్నది. తెలుగు నాయుళ్ల పాత స్థావరమైన పీలమేడుకు కళాశాలల వల్ల, విమానాశ్రయం వల్ల నిత్యం బయటివారు వస్తుంటారు. నాయక రాజుల కాలంలో తెలుగువారు స్థిరపడిన మదురై పాతనగరం చిత్తిరై ఉత్సవాలకు లక్షలాది జనంతో నిండిపోతుంది. ఆ గుంపులో యాత్రికుని మెడలోని గొలుసు తెగినా కేసు స్థానిక ఠాణా లెక్కలోనే చేరుతుంది, భాగించేది మాత్రం స్థిరనివాసుల సంఖ్యతోనే కాబట్టి రేటు పెరిగి కనిపిస్తుంది.

దీనికి విరుద్ధమైన దోషమూ లేకపోలేదు: తమిళనాడులో ఫిర్యాదుకు ముందుగా సి.ఎస్.ఆర్. అనే రసీదు ఇచ్చే పద్ధతి ఉన్నందున, ఎఫ్.ఐ.ఆర్., అనగా ప్రథమ సమాచార నివేదిక, దాకా వెళ్లనివి గణాంకాలకెక్కవు. కాబట్టి ఒక్క అంకెకన్నా, సుప్రీంకోర్టు 2016 తీర్పు మేరకు సున్నితమైనవి మినహా పోలీసులు వెబ్‌సైటులో పెట్టే ఎఫ్.ఐ.ఆర్.లలో నేరం ఏ రకమో, ఏ వీధిలో, ఏ వేళ జరిగిందో కొన్ని నెలలపాటు పరిశీలించడమే ఉపయోగకరం.