ఇంట్లో త్రీడీ టీవీ: లాభమెంత? నష్టమెంత?

పిల్లలూ! ముందు ఒక చిన్న ప్రయోగం చేద్దాం. ఒక చేత్తో పెన్ను, రెండో చేత్తో దాని మూత పట్టుకుని చేతులు బాగా ముందుకు చాచండి. ఒక కన్ను మూసుకుని, మూతను పక్క నుంచి తెచ్చి పెన్నుకు పెట్టండి. చాలామందికి మొదటిసారి గురి తప్పుతుంది. ఇప్పుడు రెండు కళ్ళూ తెరిచి పెట్టండి. ఎంత సులువుగా కుదిరిందో చూశారా?

కారణమేమిటి? మన కళ్ళ మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లు. అందువల్ల ఒకే వస్తువును కుడికన్ను కాస్త కుడివైపు నుంచి, ఎడమకన్ను కాస్త ఎడమవైపు నుంచి చూస్తాయి. ఈ రెండు బొమ్మల తేడాను బట్టి వస్తువు ఎంత దూరంలో ఉందో మెదడు లెక్క కడుతుంది. ఈ సంగతిని 1838లో ఇంగ్లండుకు చెందిన చార్లెస్ వీట్‌స్టన్ వివరించాడు. రెండు అద్దాలతో 'స్టీరియోస్కోపు' అనే పరికరం చేసి, చదునైన బొమ్మలను ఒక్కో కంటికి ఒక్కొక్కటి చూపాడు. లోతున్న ఒకే బొమ్మ కనిపించింది!

త్రీడీ రహస్యమంతా ఇదే. లోతు తెర మీద లేదు, మన మెదడులో ఉంది.

సినిమా హాలు నుంచి ఇంటికి

మన దేశంలో తొలి త్రీడీ సినిమా 1984లో మలయాళంలో వచ్చిన 'మై డియర్ కుట్టిచాత్తన్'. దాన్నే తెలుగులో 'చిన్నారి చేతన'గా చూసి మా తరం పిల్లలం మురిసిపోయాం. 2009 చివర్లో 'అవతార్' సినిమా వచ్చాక ఈ వింతను ఇంటికే తేవాలని టీవీ కంపెనీలు పోటీపడ్డాయి. 2010 నుంచి త్రీడీ టీవీలు దుకాణాలకు వచ్చాయి.

వీటిలో ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో తెర మీద కుడికంటి బొమ్మ, ఎడమకంటి బొమ్మ వెంటవెంటనే మారుతుంటాయి. బ్యాటరీతో పనిచేసే కళ్ళజోడు దానికి సరిగ్గా తాళం వేసినట్లు ఒక్కో కన్నునే మూసి తెరుస్తుంది. సెకనుకు 120 బొమ్మలు వస్తే ఒక్కో కంటికి 60 అందుతాయి. రెండో రకంలో ఒక అడ్డవరుస కుడికంటికి, తర్వాతి వరుస ఎడమకంటికి. ధ్రువణ కాంతిని వడకట్టే అద్దాలు వాటిని వేరుచేస్తాయి. కళ్ళజోడు తేలికే, కాని ఒక్కో కంటికి సగం వరుసలే దక్కుతాయి.

లాభాలు

గుండెలో గదుల అమరిక, అణువుల ఆకారం, లోయల లోతు వంటివి త్రీడీలో ఇట్టే అర్థమవుతాయి. రోబో సాయంతో శస్త్రచికిత్స చేసే డాక్టరు నేటికీ త్రీడీ దృశ్యం చూస్తూనే పనిచేస్తారు. అక్కడ లోతు తెలియడం ప్రాణావసరం.

నష్టాలు

ఇంట్లో ఆరుగురుండి కళ్ళజోళ్ళు రెండే ఉంటే మిగతా నలుగురికీ అలుక్కుపోయిన జంట బొమ్మలే దక్కుతాయి. కళ్ళజోడు వెలుతురును సగానికి పైగా తగ్గిస్తుంది. మంచం మీద పక్కకు ఒరిగి చూస్తే కళ్ళు ఒకదాని కింద ఒకటి వస్తాయి, తెర మీది తేడా మాత్రం అడ్డంగానే ఉంటుంది. అప్పుడు మెదడు రెండు బొమ్మలనూ కలపలేదు.

మరో చిక్కుంది. మామూలుగా కొబ్బరిబొండాన్ని చూసేటప్పుడు కళ్ళు దాని వైపు తిరుగుతాయి, కంటి కటకమూ ఆ దూరానికే సర్దుకుంటుంది. త్రీడీలో బొమ్మ ముందుకొచ్చినట్లుంటే కళ్ళు అటు తిరుగుతాయి, కాని కటకం వెనకున్న తెరకే సర్దుకోవాలి. ఈ పొత్తు కుదరక కొందరికి తలనొప్పి, కళ్ళ అలసట వస్తాయి. విశ్రాంతి తీసుకుంటే తగ్గిపోతాయి, భయపడనక్కరలేదు.

ఎందుకు నిలవలేదు?

మా ఆలమూరు నుంచి జొన్నాడ మీదుగా గౌతమి వంతెన దాటేటప్పుడు బస్సు కిటికీలోంచి చూడండి. దగ్గరి స్తంభాలు వెనక్కి పరుగెడతాయి, దూరపు కొబ్బరిచెట్లు నెమ్మదిగా కదులుతాయి. దూరంగా ఉన్న పడవ చిన్నగా కనిపిస్తుంది. లోతు చెప్పే ఇలాంటి గుర్తులకు ఒక్క కన్ను చాలు. ఇవన్నీ మామూలు టీవీలోనూ ఉన్నాయి! అంటే త్రీడీ టీవీ కొత్తగా ఇచ్చింది కొంత, తెచ్చిన ఇబ్బంది చాలా. ప్రసారాలు కూడా తక్కువే. బీబీసీ 2013లో తన త్రీడీ కార్యక్రమాలు ఆపేసింది. 2017 నాటికి పెద్ద కంపెనీలు ఇలాంటి టీవీల తయారీ మానుకున్నాయి. సినిమా హాళ్ళలో మాత్రం త్రీడీ నిలిచింది.

ఒక మేలు

ఒకసారి తరగతిలో ఎరుపు, నీలం కాగితాల కళ్ళజోడుతో త్రీడీ బొమ్మ చూపించాను. అందరూ ఆశ్చర్యపోయారు. ఒక అబ్బాయి మాత్రం "నాకేం లేచి కనబడలేదండీ" అన్నాడు. ఒక్కొక్క కన్నూ మూసి నల్లబల్ల చదవమంటే, ఎడమకంటికి అక్షరాలు మసకగా ఉన్నాయి. రెండు కళ్ళూ తెరిచి ఉండడంతో ఆ లోపం అన్నేళ్ళూ వాడికే తెలియలేదు! కంటి డాక్టరు చూసి, మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేసిందని, దీన్ని 'లేజీ ఐ' అంటారని చెప్పి వైద్యం మొదలుపెట్టారు. ఇది ఎంత చిన్న వయసులో తెలిస్తే అంత మంచిది.

కాబట్టి ఈ రోజే ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి గోడ మీది క్యాలెండరు చదవండి. మీ తమ్ముడి చేత, చెల్లెలి చేత కూడా చదివించండి. తేడా కనిపిస్తే వెంటనే అమ్మానాన్నలకు చెప్పండి. ఇంట్లో త్రీడీ టీవీ లేకపోయినా నష్టం లేదు. త్రీడీ చూపు మాత్రం పోగొట్టుకోకూడదు.