షీనారు మైదానములో తొలి పట్టణములు

చదువవలసిన భాగములు: ఆది. 10:8-10, 11:1-9, 31, యిర్మీయా 29:4-7



షీనారు అనగా నేటి ఇరాకు దేశపు దక్షిణ భాగము. అక్కడ వర్షము బహు తక్కువ; కట్టుటకు రాయి దొరకదు. ఉన్నవి యూఫ్రటీసు, హిద్దెకెలు నదులు, అవి తెచ్చిన ఒండ్రుమట్టి. పెద్ద కాలువ త్రవ్వి కాపాడుకొనుట ఒక్క కుటుంబమువలన కాదు గనుక అనేకులు కలిసి త్రవ్విరి. యవలు సమృద్ధిగా పండెను. ధాన్యము మిగిలినందున కుమ్మరి, నేతగాడు, యాజకుడు పొలము దున్నకయే బ్రదుకగలిగిరి. గుడి చుట్టును ఇటుకల ఇండ్లు లేచెను. ఆదికాండములోని ఎరెకు ఇట్లు పెరిగిన ఉరుకు పట్టణమే. క్రీ.పూ. 3200 ప్రాంతమున అక్కడ మట్టి పలకలపై వ్రాసిన తొలి వ్రాతలు ఎక్కువగా ధాన్యము, పశువుల లెక్కలే.

కలిసి పనిచేయుట మేలైనదే. అయితే బాబెలువారు ఆ ఐక్యతను తమ పేరు కొరకు వాడుకొనిరి. అబ్రాము కుటుంబము విడిచి వచ్చిన ఊరను పట్టణము ఎంతో ఘనమైనది. నది దారి మారగా అదియు పాడుపడెను. లియొనార్డు ఊలీ 1922 నుండి 1934 వరకు దాని దిబ్బలను త్రవ్వించెను.

తరువాత అదే మైదానమునకు చెరపట్టబడి పోయిన యూదులకు దేవుని ఆజ్ఞ ఏమి? ఇండ్లు కట్టుకొని, తోటలు నాటుకొని, ఆ పట్టణపు మేలు కోరి ప్రార్థించుమనియే.

మన పెద్దలు బ్రతుకుతెరువు కొరకు వచ్చి స్థిరపడిన చోట మనము కట్టునది మన పేరు కొరకా, పొరుగువారి క్షేమము కొరకా?

ఆలోచించుడి:
1. కాలువ కలిసి త్రవ్విన ఐక్యతకును, గోపురము కట్టిన ఐక్యతకును భేదమేమి?
2. మన వీధి నీటి కొరకు, బడి కొరకు మన సంఘము పొరుగువారితో చేయి కలుపుచున్నదా?