దేనారమును కాసును గుర్తుపట్టుట



మత్తయి 22వ అధ్యాయములో పన్నునుగూర్చి అడిగినవారికి మన ప్రభువు జవాబు చెప్పకమునుపు ఒక నాణెమును తెప్పించెను. దానిమీది బొమ్మ ఎవరిది, చుట్టునున్న వ్రాత ఎవరిది అని అడిగెను. పాత నాణెములను సేకరింప మొదలుపెట్టువారు నేటికిని అడుగవలసిన ప్రశ్నలు ఇవే. దేనారము, కాసు అను మాటలను మనము చదువుచు త్వరగా దాటిపోవుదుము. వాటి విలువ తెలియనిదే ఆ వాక్యముల బరువు మనకు తెలియదు గనుక, ఈ మాసము రోమా నాణెములను గుర్తుపట్టుట నేర్చుకొందము.

మొదట లోహము చూడవలెను, తరువాత తూకము. బంగారు నాణెము పేరు ఆరియస్. మన కంసాలి చెప్పు కాసు బంగారము 8 గ్రాములు గదా. ఔగుస్తు కాలపు ఆరియస్ ఇంచుమించు అంతే తూగును. దానికి 25 దేనారములు. దేనారము వెండిది. మన పూర్వపు వెండి రూపాయి ఒక తులము. దేనారము అందులో దాదాపు మూడవ వంతు. వెడల్పు సుమారు 18 మిల్లీమీటర్లు.

ప్రభువుకు చూపినది తిబెరి కైసరు (క్రీ.శ. 14–37) దేనారమని పండితులు సాధారణముగా తలంచుదురు. దాని ముందుప్రక్క ఆకులదండ ధరించిన కైసరు తల యుండును. వ్రాత ఇంగ్లీషు పెద్దక్షరములవలెనే యుండును గాని మాటలు కుదించి చెక్కబడినవి. అర్థమేమనగా, తిబెరి కైసరు, దైవమైన ఔగుస్తు కుమారుడు, ఔగుస్తు. వెనుకప్రక్క కూర్చున్న ఒక స్త్రీ, ప్రధానయాజకుడను బిరుదు. ఒక మనుష్యుడు తన్ను దేవుని కుమారుడని చాటుకొన్న నాణెము అది. అది దేవాలయ ప్రాంగణములో నిజమైన కుమారుని యెదుట చూపబడెను. ఆ ప్రశ్న ఎంత వాడియైనదో నాణెము చూచినవారికే తెలియును.

ఇట్టి నాణెములు మన తెలుగు దేశమునకును వచ్చినవి. రోమా వర్తకులు మిరియములకును సన్నని బట్టలకును వెలగా వాటిని తెచ్చిరి. నల్లగొండ ప్రాంతములోని అక్కనపల్లిలో 1,500కు పైగా దేనారములు దొరకెను. ఎక్కువ ఔగుస్తు, తిబెరి కైసరులవే. నెల్లూరు సంగతి మరింత తెలిసికొనదగినది. అక్కడ ఒక రైతు దున్నుచుండగా నాగలి పాత గుడి శిథిలమునకు తగిలి, చిన్న కుండెడు రోమా బంగారు నాణెములు బయటపడెనని, మద్రాసు గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787లో వ్రాసెను. రైతు వాటిని పాత బంగారముగా అమ్మివేసెను. అనేకములు కరగిపోయియుండును, ముప్పదికి పైగా మాత్రము మిగిలెను. కొన్నింటికి రంధ్రములుండెను, అనగా ఎవరో వాటిని నగలుగా ధరించిరి. మన కాసులపేరు వంటిదే గదా!

కనుక దున్నునప్పుడుగాని నుయ్యి త్రవ్వునప్పుడుగాని పాత నాణెము దొరకినయెడల కంసాలియొద్దకు పరుగెత్తవద్దు. చింతపండుతోను బూడిదతోను తోమవద్దు. తోమినచో వ్రాత అరిగిపోవును. భూమిలో దాగియుండి దొరకినది పది రూపాయలకు మించిన వెలగలదైతే, 1878 నాటి నిధుల చట్టము ప్రకారము కలెక్టరుకు తెలియజేయవలెను.

ఇక చిల్లర. సెస్టర్షియస్ అన్నిటికంటె పెద్దది, సుమారు 25 గ్రాములు, పసుపు ఇత్తడి. దుపొండియస్ దానిలో సగము, అదియు ఇత్తడియే. అస్ అనునది ఎర్ర రాగి. ఈ కడపటి రెండును పరిమాణములో ఒకదానినొకటి పోలియుండును. మట్టిలో నున్నప్పుడు రంగును తెలియదు. నీరో కాలమునుండి దుపొండియస్‌మీద కైసరు తలకు తరచుగా సూర్యకిరణములవంటి మొనలుగల కిరీటముండును. అస్‌మీద ఆకులదండయో వట్టి తలయో యుండును. అస్‌లో నాలుగవ వంతు క్వాడ్రన్స్.

1957 ఏప్రిలు 1న నయాపైసలు వచ్చువరకు మన రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానీలు. రోమా లెక్కయు సరిగా ఇదే: దేనారమునకు 16 అస్సులు, అస్సుకు 4 క్వాడ్రన్సులు. అణాలు లెక్కించిన పెద్దలు మన సంఘములలో ఇంకను ఉన్నారు. వారికి ఇది సులువుగా బోధపడును.

అయితే తెలుగు బైబిలు చదువువారికి ఒక చిక్కు గలదు. మత్తయి 10:29లో పిచ్చుకల వెలయైన కాసు అస్సు. మత్తయి 5:26లో చెల్లింపవలసిన కడపటి కాసు క్వాడ్రన్సు. మార్కు 12:42లో బీద విధవరాలు వేసిన కాసులు లెప్టాలు, అనగా క్వాడ్రన్సులో సగము. ఇవి రోమావి కావు, యూదయ దేశపు పలుచని రాగి బిళ్లలు. యూదా రాజైన అలెగ్జాండర్ జన్నేయస్ (క్రీ.పూ. 103–76) వేయించిన, లంగరును నక్షత్రమును గల చిన్న నాణెములు ప్రభువు కాలమునను చెల్లుచుండెను. గ్రీకులో మూడు పేర్లుండగా తెలుగులో ఒక్కటే మాట. తర్జుమా చేసినవారిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. చిన్న నాణెమునకు మనకు వేరే మాట ఎక్కడిది? కాని బంగారమును కాసులలో తూచు మన సీమలో, విధవరాలు రెండు కాసులు వేసెనని వినిన పిల్లలు పదునారు గ్రాముల బంగారమనుకొనరా?

లెక్క వేయుదము. అస్సుకు 8 లెప్టాలు. అస్సుకు రెండు పిచ్చుకలు గనుక ఒక పిచ్చుక వెల 4 లెప్టాలు. మన యింటి చూరున కట్టిన వరికంకుల కుచ్చుమీద వాలు పిచ్చుకయే. ఆ విధవరాలు వేసినది రెండు లెప్టాలు, అరపిచ్చుక వెల. కూలివాని దినకూలియైన దేనారములో అది 64వ వంతు. అదే ఆమె జీవనమంతయు. అందరికంటె ఎక్కువ వేసినదని ప్రభువు చెప్పినది ఈ అరపిచ్చుక వెలనుగూర్చియే. లూకా 12:6లో రెండు కాసులకు అయిదు పిచ్చుకలు, అయిదవది కొసరు. ఆ కొసరు పిచ్చుకనుకూడ దేవుడు మరువడు.

సండేస్కూలు ఉపాధ్యాయులు మత్తయి 18:28, మార్కు 6:37, యోహాను 12:5 వచనములను పిల్లలచేత చదివించి, ఒక్కొక్క మొత్తము ఎన్ని దినముల కూలియో, దానితో ఎన్ని పిచ్చుకలు వచ్చునో పలకమీద లెక్క కట్టించుడి.