విల్లుతో వేటకు తక్కువ ఖర్చు దుస్తులు

ప్రశ్న: మిషిగన్‌లో ఉంటున్నాను. ఈ అక్టోబరులో మొదటిసారి విల్లుతో జింకల వేటకు వెళ్తున్నాను. తెల్లవారుజామున గడ్డకట్టే చలి, మధ్యాహ్నం ఎండ. తక్కువ ఖర్చుతో ఏం కొనుక్కోవాలి?

జవాబు: కాటన్ బనియన్లు, జీన్సు ఇంట్లోనే ఉంచండి. చెమటకు తడిసిన నూలుబట్ట త్వరగా ఆరదు. మంచె మీద కదలకుండా కూర్చున్నప్పుడు ఆ తడే మిమ్మల్ని వణికిస్తుంది. ఒంటిని అంటి ఉండే పొర పలుచని పాలిస్టర్‌దో, మెరినో ఊలుదో కావాలి. డబ్బు పెట్టాల్సింది ఈ పొర మీదా, ఊలు మేజోళ్ల మీదా. మధ్య పొరకు పాత బట్టల దుకాణంలో దొరికే ఫ్లీస్ చాలు, ముదురు రంగుదైతే మరీ మంచిది. ఆకుల డిజైన్ కోసం రెట్టింపు ధర పెట్టకండి. జింక రంగుల కన్నా కదలికనే త్వరగా పసిగడుతుంది.

అడవిలోకి నడిచేటప్పుడు కాస్త చలిగా అనిపించేంత తక్కువ వేసుకోండి. మిగతావి సంచిలో పెట్టుకుని, మంచె ఎక్కి ఒళ్లు చల్లబడ్డాక తొడుక్కోండి. చాలామంది కొత్తవాళ్లు అన్నీ ముందే వేసుకుని, దారిలోనే చెమటలో తడుస్తారు.

తుపాకీ వేటగాళ్లకు లేని చిక్కు ఒకటి మీకుంది. కోటు లావుపాటి చేతులకు వింటినారి తగిలితే బాణం గురి తప్పుతుంది. అందుకే చలికి చేతుల్లేని వెస్టు మేలు, ముంజేతికి పట్టీ కట్టుకోండి. కొనేముందు చెయ్యెత్తి బట్టను రుద్ది చూడండి, గరగరమంటే వద్దు. అన్ని పొరలూ వేసుకుని, భద్రతా బెల్టుతో సహా, ఇంటి దగ్గర బాణాలు వేసి చూడండి.

నవంబరు 15 నుంచి 30 వరకు తుపాకుల సీజన్. అప్పుడు వెళ్తే పైన ఆరెంజ్ వెస్టు తప్పనిసరిగా వేసుకోండి.