కలెక్టర్ సంతకం పెట్టే నివేదిక ఎవరు రాస్తారు?

"సేవ చెయ్యాలని ఉంటే ముందు కలెక్టర్ అవ్వమనండి మేడమ్. తర్వాత ఎంత సేవైనా చేసుకోవచ్చు."

పిల్లల చదువుల మీద సలహాకు నా దగ్గరికి వచ్చే తండ్రుల్లో ఎంతమంది ఈ మాట అన్నారో లెక్కలేదు. మొన్న అన్నాయన సిద్దిపేట నుంచి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ అమ్మాయి డిగ్రీ అయ్యాక మూడేళ్లుగా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోంది. ఇప్పుడు ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేస్తాను, పిల్లల సంరక్షణ రంగంలోకి వెళ్తాను అంటోంది. "అదేం చదువు మేడమ్? ఎక్కడా సీటు రానివాళ్లు చేరేది కదా" అని ఆయన అడుగుతున్నంతసేపూ ఆ పిల్ల చున్నీ కొసను వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది.

ఆయన్ని ఒకటే అడిగాను. "దత్తత ఉత్తర్వు మీద ఇప్పుడు సంతకం పెట్టేది కలెక్టరే. 2021లో బాలల న్యాయ చట్టాన్ని సవరించి, అప్పటిదాకా కోర్టుల చేతిలో ఉన్న ఆ అధికారాన్ని జిల్లా మేజిస్ట్రేట్‌కు ఇచ్చారు. 2022 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. మరి బిడ్డను తీసుకోబోయే దంపతుల ఇంటికి వెళ్లి, వంటగది దాకా చూసి, ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడి, ఇక్కడ ఈ బిడ్డ క్షేమంగా పెరుగుతుందా లేదా అని రాసేది ఎవరు?"

ఆయనకు తెలియదు. చాలామందికి తెలియదు. రాసేది సోషల్ వర్కర్. కలెక్టర్ బల్ల మీదికి ఫైలు వచ్చేసరికి అసలు పని అయిపోయి ఉంటుంది. ఆ నివేదిక తప్పైతే ఎంత గొప్ప అధికారి సంతకం పెట్టినా బిడ్డకు ఒరిగేదేమీ లేదు.

దత్తత ఒక్కటే కాదు. రైల్వే స్టేషన్లో దొరికిన పాప, ఇటుక బట్టీలో పనిచేస్తూ కనిపించిన బాబు, పెళ్లి పందిరి నుంచి తప్పించిన పదిహేనేళ్ల అమ్మాయి, వీళ్లలో ఎవరినైనా ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు పరచాలి. కమిటీలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. వాళ్లు పిల్లలతో మాట్లాడతారు, కానీ ఊళ్లూ వీధులూ తిరగలేరు. అందుకే సామాజిక విచారణ నివేదిక అడుగుతారు. ఆఫీసుల్లో దాన్ని ఎస్ఐఆర్ అంటారు. 15 రోజుల్లో ఇవ్వాలి. బిడ్డ ఇంటికి వెళ్లాలా, పిల్లల హోమ్‌కు వెళ్లాలా అన్నది చాలావరకు ఆ నాలుగు పేజీల్లోనే తేలిపోతుంది.

ఆ పేజీలు ఎలా పుడతాయో నేను ఒకసారి దగ్గరుండి చూశాను. జూలై నెల, తెలంగాణలో ఆపరేషన్ ముస్కాన్ నడుస్తోంది. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ముస్కాన్ పేరుతో పోలీసులు, మిగతా శాఖలు కలిసి పనిలో ఉన్న పిల్లల్ని వెతికి తెస్తారు. ఒక మెకానిక్ షెడ్డులో పదమూడేళ్ల బాబు దొరికాడు. నా దగ్గర ఒకప్పుడు సలహాకు వచ్చిన అమ్మాయే అప్పటికి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో సోషల్ వర్కర్. తనతో పాటు ఆ ఇంటికి వెళ్లాను. ఒకటే రేకుల గది. తను ఫైలు తీయలేదు. చాప మీద కూర్చుని, బియ్యంలో రాళ్లు ఏరుతున్న నానమ్మ చేటలో తానూ చెయ్యి పెట్టింది. పావుగంట సేపు ఊరి సంగతులే. ఆ కబుర్లలోనే అన్నీ బయటికి వచ్చాయి. తండ్రి పోయి ఏడాదిన్నర. తల్లి ఆపరేషన్ అయి పనికి వెళ్లలేకపోతోంది. చెల్లెలు బడికి వెళ్తోంది, దాని పుస్తకాలకు అట్టలు వేసింది ఈ అన్నే. వీడు మాత్రం ఊరి బడి నుంచి టీసీ రాలేదని ఇక్కడి బడిలో చేరలేదు. ఖాళీగా ఉన్నాడు కదా అని షెడ్డులో పెట్టారు.

నేనైతే ఆ గది చూసి, బాబును మంచి హోమ్‌లో పెడితే మూడు పూటలా తింటాడు కదా అనుకునేదాన్ని. తను అలా అనుకోలేదు. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి ఏదీ పిల్లవాణ్ని కాదనకూడదని విద్యా హక్కు చట్టం చెబుతుందని తనకు తెలుసు. పిల్లల సంరక్షణకు ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద ఇలాంటి కుటుంబానికి, బిడ్డను ఇంట్లోనే ఉంచి చదివించుకోవడానికి, నెలకు రూ.4,000 స్పాన్సర్‌షిప్ ఉందని తెలుసు. హోమ్ అనేది అన్ని దారులూ మూసుకుపోయాకే అన్నది 2015 నాటి బాలల న్యాయ చట్టంలోనే సూత్రంగా రాసి ఉందనీ తెలుసు. ఇంటి నుంచి విడదీయాల్సిన అవసరం లేదు, బడిలో చేర్పించి ఆర్థిక సాయానికి సిఫారసు చేస్తున్నాను అని రాసింది. కమిటీ ఒప్పుకుంది. జాలి అయితే ఆ రోజు నాకూ ఉంది, ఆ వీధిలో అందరికీ ఉంది. ఆ ఇంటిని నిలబెట్టే విద్య మాత్రం తన ఒక్కదానికే వచ్చు.

అందుకే "మంచి మనసుంటే చాలు" అనే మాట వింటే నాకు ఓపిక నశిస్తుంది. మంచి మనసుతో చేసిన పొరపాట్లకు మూల్యం కట్టేది పిల్లలే. ఇంజినీరింగ్ చదివిన కుర్రాళ్లు నలుగురు కలిసి వచ్చి, అనాథాశ్రమం పెడతాం మేడమ్ అంటారు. రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లల హోమ్ నడిపితే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా పడుతుందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. పుట్టినరోజున హోమ్‌కు కేకు తీసుకెళ్లి పిల్లలతో ఫొటోలు దిగి వాట్సాప్ స్టేటస్ పెట్టేవాళ్లకు, హోమ్‌లో ఉన్న బిడ్డ ఎవరో బయటపెట్టడం నేరమని తెలియదు. అసలు హోమ్‌లలో ఉన్న పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో ఉన్నారు. వాళ్లకు కావాల్సింది తమ ఇల్లు తమకు దక్కడం.

అధికారం చేతిలో ఉంటేనే ఏదైనా చేయగలం అని వాదించే తల్లిదండ్రులకు నేను చెప్పే పేరు శాంతా సిన్హా. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెప్పేవారు. ఎం.వి. ఫౌండేషన్ తరఫున 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పని మొదలుపెట్టారు. వెట్టిలో, పొలాల్లో, ఇంటి చాకిరీలో ఉన్న పిల్లల్ని బ్రిడ్జి క్యాంపుల్లో పెట్టి, వయసుకు తగ్గ తరగతిలో చేరేలా తయారుచేశారు. బడికి రాని పిల్లలంతా బాలకార్మికులే అన్నది వాళ్ల లెక్క. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు ఆమే. ఆ కుర్చీకి దారి పల్లెల్లోంచి పడింది.

అర్హత సంగతి ఒక్క వాక్యంలో: ఏ డిగ్రీ అయినా సరే, ప్రవేశ పరీక్షలు తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కు సీయూఈటీ పీజీ, కోర్సు రెండేళ్లు. ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉస్మానియా, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కాలేజీ లాంటి చోట్ల ఈ చదువు ఉంది. నేనైతే ఫీల్డ్ వర్క్ గట్టిగా చేయించే కాలేజీకే ఓటేస్తాను, భవనం ఎలా ఉన్నా సరే. చేరేముందు సీనియర్లను పట్టుకుని అడగండి: వారంలో ఎన్ని రోజులు బయటికి పంపుతారు, రాసిన నివేదికను ఎవరైనా చదివి దిద్దుతారా, లేక సంతకం పెట్టి పక్కన పడేస్తారా? దూరవిద్యలో చేసేవాళ్లు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. ఫీల్డ్ వర్క్ రికార్డు వేరేవాళ్లతో రాయించి పట్టా తెచ్చుకున్నవాళ్లు, మొదటి ఇంటి గుమ్మం దగ్గరే నోరు పెగలక నిలబడిపోవడం నేను చూశాను.

ఇక ఉచ్చుల గురించి. నెల రోజుల్లో "చైల్డ్ కౌన్సెలర్" సర్టిఫికెట్ ఇస్తామని ఆన్‌లైన్‌లో వేలకు వేలు గుంజుతున్నారు. ఆ కాగితం చేతిలో పట్టుకుని లైంగిక హింసకు గురైన బిడ్డ ముందు కూర్చోవడం ఆ బిడ్డకు రెండో గాయం. కౌన్సెలింగ్ మీద నిజంగా ఆసక్తి ఉంటే ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో శిక్షణకు ప్రయత్నించండి. రెండోది, అవుట్‌సోర్సింగ్ పోస్టు ఇప్పిస్తామని లక్షలు అడిగే దళారులు. జిల్లా నోటిఫికేషన్ కలెక్టరేట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, దరఖాస్తు నేరుగా పెట్టుకోవచ్చు. డబ్బు అడిగారంటే అక్కడితో ఆపేయండి. మూడోది విదేశీ మోజు. బ్రిటన్‌లో సోషల్ వర్కర్ కొరత ఉందని చెప్పి, పది పదిహేను లక్షలు తీసుకుని, వృద్ధుల సంరక్షణలో కేర్ వర్కర్ వీసా చేతిలో పెట్టిన కథలు మన జిల్లాల్లో ఉన్నాయి. ఆ రెండూ ఒకటి కాదు. అక్కడ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే చట్టప్రకారం రిజిస్టర్ కావాలి. కేర్ వర్కర్లను విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం 2025 జూలైలో ఆపేశారు కూడా. పొలం అమ్మేముందు ఈ తేడా తెలుసుకోండి.

జీతం గురించి దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. మిషన్ వాత్సల్య లెక్కల ప్రకారం అవుట్‌రీచ్ వర్కర్‌కు నెలకు రూ.10,592, సోషల్ వర్కర్‌కు, కౌన్సెలర్‌కు రూ.18,536, ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు రూ.27,804, జిల్లా బాలల పరిరక్షణ అధికారికి రూ.44,023. ఎక్కువ పోస్టులు కాంట్రాక్టువే. పదివేల జీతంతో హైదరాబాద్‌లో గది అద్దె కట్టి బతకడం కష్టం. అమ్మానాన్నల భయం ఇక్కడ న్యాయమైనదే. పిల్లల రక్షణ బలపడాలంటే మొదట బాగుపడాల్సిందీ ఇదే. బడిలో చేర్పించిన బాబు పది పాసయ్యేదాకా ఒక్క మనిషి వెంట ఉండాలి. కాంట్రాక్టు పునరుద్ధరణ కాక ఆ మనిషి ఏడాదికే వెళ్లిపోతే, తన కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సింది ఆ బాబే. ప్రభుత్వాలు హెల్ప్‌లైన్ నంబర్ల పోస్టర్లకు చూపే శ్రద్ధ ఈ ఉద్యోగాలను స్థిరపరచడంలో చూపాలి.

కాబట్టి నేను ఇచ్చే సలహా ఇది. కాంట్రాక్టు పోస్టులో రెండు మూడేళ్లు పని నేర్చుకోండి. ఆ మధ్యలోనే అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్, సీడీపీఓ నోటిఫికేషన్లు వస్తే రాయండి. అవి రెగ్యులర్ పోస్టులు. ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్ ఉద్యోగాలు, పెద్ద స్వచ్ఛంద సంస్థల్లో ప్రోగ్రామ్ ఉద్యోగాలు ఉన్నాయి. యూజీసీ నెట్‌లో సోషల్ వర్క్ సబ్జెక్టు ఉంది, బోధనకు వెళ్లొచ్చు. పిల్లల ఆరోగ్యం, చదువు, సంక్షేమ రంగాల్లో ఏడేళ్లు పనిచేసిన అనుభవం ఉంటే, రేపు బాలల సంక్షేమ కమిటీలో కూర్చునే అర్హత మీకే వస్తుంది.

ఈ లెక్కలన్నీ విన్నాక ఆ తండ్రి, "ఇంకొక్క నోటిఫికేషన్ చూద్దాం మేడమ్, రాకపోతే అప్పుడు..." అన్నారు. ఆ "ఇంకొక్క" అనే మాట మీద అశోక్‌నగర్‌లో ఎంతమంది పిల్లల ఇరవైల వయసు కరిగిపోతోందో. ఆయనకు జవాబు చెప్పకుండా కూతురి వైపు తిరిగి, నువ్వు చెప్పమ్మా అన్నాను.

"మా హాస్టల్ సందులో టిఫిన్ బండి ఉంది మేడమ్. రాత్రి పదింటికి కూడా ఒక బాబు ప్లేట్లు కడుగుతుండేవాడు. చాలా రోజులు చూసీ చూడనట్టు వచ్చేశాను. ఒకరోజు 1098కి ఫోన్ చేశాను. వాళ్లు వచ్చి తీసుకెళ్లారు. తర్వాత వాడు ఏమయ్యాడో ఎవరిని అడగాలో తెలియలేదు. అది ఎవరి పని అని వెతుకుతుంటే ఈ కోర్సు కనిపించింది."

ఆ పిల్లల హెల్ప్‌లైన్ నంబరు పుట్టింది కూడా 1996లో ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లోనే, సోషల్ వర్క్ చదువు చెప్పే చోటే అని ఆమెకు చెప్పాను. టిఫిన్ బండి బాబు కథ తండ్రి మొదటిసారి వింటున్నట్టున్నారు. కాసేపు కూతురి వంకే చూశారు. తర్వాత నా వైపు తిరిగి, ఫీల్డ్ వర్క్ రోజుల్లో అమ్మాయి సాయంత్రం ఎన్నింటికి తిరిగి వస్తుందని అడిగారు.