కప్పు మే నెలలో, లెక్క మార్చిలో

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ క్లబ్బుల ఖాతాలు ఆడిట్ చేసే పనిలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదవడానికి ఇక్కడికొచ్చే మన తెలుగు పిల్లలు సెలవుల్లో ఇంటికొస్తే నన్ను నిలదీసే ప్రశ్న ఒకటుంది: “మైదానంలో గెలిచినవాణ్ణి కాగితాలు చూపించి ఆపడం ఏం న్యాయం అంకుల్?” చాలావరకు న్యాయమేనని నా నమ్మకం. ఎందుకో వాళ్ళకు చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

1. లీగులో స్థానం వేరు, లైసెన్సు వేరు

యూరప్ పోటీల్లో ఆడాలంటే క్లబ్బు ఏటా యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ లైసెన్సు తెచ్చుకోవాలి. స్టేడియం, పిల్లల జట్లు, కోచ్‌ల అర్హతలు, యాజమాన్యం, ఖాతాలు అన్నీ చూసి ఇస్తారు. ఆ సీజన్‌తోనే దాని గడువు తీరిపోతుంది. ఇంకో క్లబ్బుకు బదలాయించడం కుదరదు.

2014లో పార్మా ఇటలీ సీరీ-ఏలో ఆరో స్థానంలో నిలిచింది. యూరోపా లీగ్ బెర్తు చేతికందినట్టే కనిపించింది. ఆదాయపు పన్ను బకాయి దగ్గర లైసెన్సు ఆగిపోయింది, బెర్తు టొరినోకు దక్కింది. ఆ బకాయి సుమారు మూడు లక్షల యూరోలు. ఆ స్థాయి క్లబ్బుకు అదొక లెక్కే కాదు. అంత చిన్న మొత్తానికి ఇంత శిక్షా అని నా తోటివాళ్ళే అన్నారు. ఏడాది తిరక్కుండానే, 2015 మార్చిలో, పార్మా దివాలా తీసింది. కొత్త సంస్థగా నాలుగో అంచెలోని సీరీ-డి నుంచి మళ్ళీ మొదలైంది. పెద్ద బాకీల్లో మునిగినవాడే చిన్న బాకీ కూడా తీర్చలేడు. ఆడిటర్ వెతకాల్సింది ఆ చిన్నదాన్నే.

2. “వాళ్ళు అడగలేదు కదా” అనేది జవాబు కాదు

లైసెన్సు దరఖాస్తులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది బకాయిల పట్టిక. ఫిబ్రవరి నెలాఖరుకు కట్టాల్సినవి మార్చి 31 కల్లా తీరి ఉండాలన్నది ఇప్పటి నిబంధన. ఆటగాళ్ళ కొనుగోళ్ళలో ఇతర క్లబ్బులకు ఇవ్వాల్సిన వాయిదాలు, సిబ్బంది జీతాలు, పన్నులు, అన్నీ అందులోకి వస్తాయి. ప్రతి వరసలో ఎవరికి కట్టాలో వాళ్ళ పేరు, కట్టాల్సిన మొత్తం, గడువు తేదీ, కట్టిన తేదీ ఉంటాయి. చివరి గడి ఖాళీగా ఉంటే దాని వెనక కథేంటో కనుక్కోవాలి.

ఒక క్లబ్బులో అలాంటి ఖాళీ గడి ఒక ఫిజియోథెరపిస్టు పేరు ఎదురుగా కనిపించింది. కిందటి సీజన్ బోనస్ ఆమెకు ముట్టలేదు. “ఆవిడ అడగలేదండీ, తొందరేం లేదంది” అన్నారు లెక్కల విభాగంలో. నిబంధన ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంటుంది: అప్పిచ్చినవాడు అడగకపోయినంత మాత్రాన గడువు పెరిగినట్టు కాదు. డబ్బు కట్టాలి, లేదా వాయిదాకు ఒప్పుకుంటున్నట్టు ఆమె సంతకంతో కాగితం ఉండాలి, లేదా ఆ బాకీ మీద నిజమైన వివాదం నడుస్తూ ఉండాలి. ఆ వారమే ఆమెకు డబ్బు పడింది. స్టార్ ఆటగాడి బకాయి అడగడానికి ఏజెంటు ఉంటాడు, లాయరు ఉంటాడు. మసాజు చేసేవాళ్ళకూ సెక్యూరిటీ వాళ్ళకూ ఉన్నది ఈ పట్టికే. లైసెన్సు విధానం అంటే నాకు గౌరవం పుట్టింది ఇక్కడే.

3. తేదీకి జాలి లేదు

2025 మే 17న వెంబ్లీలో మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి క్రిస్టల్ ప్యాలెస్ ఎఫ్ఏ కప్పు గెలిచింది. క్లబ్బు చరిత్రలో మొదటి పెద్ద ట్రోఫీ అది. యూరోపా లీగ్‌కు అర్హత వచ్చింది. కానీ పెట్టుబడిదారు జాన్ టెక్స్‌టర్‌కు అటు అదే పోటీకి అర్హత పొందిన ఫ్రాన్స్ క్లబ్బు లియోన్‌లోనూ ఇటు ప్యాలెస్‌లోనూ వాటాలుండేవి. ఒకే మనిషి పలుకుబడి ఉన్న రెండు క్లబ్బులు ఒకే పోటీలో ఆడకూడదు. అలాంటి బంధాలు తెంచుకోవడానికి గడువు మార్చి 1. ఆయన ప్యాలెస్‌లోని తన వాటా అమ్మేశాడు గాని, ఆ తేదీ దాటిపోయాక. తమ తమ దేశాల లీగుల్లో లియోన్ ఆరో స్థానం, ప్యాలెస్ పన్నెండో స్థానం. కాబట్టి లియోన్‌ను ఉంచి ప్యాలెస్‌ను కాన్ఫరెన్స్ లీగ్‌కు దించారు. ఆగస్టులో లాసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం కూడా ఆ నిర్ణయాన్నే సమర్థించింది.

నియమం సరైనదే. 1998లో ఏఈకే ఏథెన్స్, స్లావియా ప్రాగ్ ఒకే సంస్థ చేతిలో ఉన్నప్పటి నుంచి ఈ వాదన నడుస్తోంది. ఎదురెదురుగా ఆడే రెండు జట్లకూ యజమాని ఒకడే అయితే టికెట్టు కొన్నవాడు ఆ ఫలితాన్ని ఎలా నమ్ముతాడు? అయినా మార్చి 1న ప్యాలెస్ కప్పు గెలుస్తుందని ఎవరికి తెలుసు? అందుకే చెబుతున్నాను, ఫిబ్రవరిలో మీ జట్టు ఏ కప్పులో మిగిలి ఉన్నా సరే, గెలుస్తుందనే అనుకుని యాజమాన్యం కాగితాలు సర్దేయండి.

4. బోర్డు మార్చితే బాకీ పోదు

మన ఊళ్ళలో ఐపీ పెట్టి, పక్క వీధిలో బావమరిది పేరుతో కొట్టు తెరిచేవాళ్ళను చూసే ఉంటారు. దానికి విరుగుడుగానే ఇక్కడ మూడేళ్ళ నియమం ఉంది. కొత్త సంస్థగా రూపు మార్చుకున్న క్లబ్బు మూడు సీజన్ల సభ్యత్వం నిండాకే లైసెన్సు అడగగలదు. 2012లో గ్లాస్గో రేంజర్స్ పాత కంపెనీ కుప్పకూలి, కొత్త కంపెనీతో స్కాట్లండ్ నాలుగో అంచె నుంచి మొదలైనప్పుడు ఈ తలుపు మూసుకుంది. వాళ్ళు మళ్ళీ యూరప్‌లో ఆడింది 2017లో.

5. రాబడిని చూసి ఖర్చు

ఆటగాళ్ళ, కోచ్‌ల జీతాలు, కొనుగోళ్ళ ఖర్చు, ఏజెంట్ల ఫీజులు కలిపి రాబడిలో ఇంత శాతం దాటకూడదని 2022లో కొత్త నిబంధనలు తెచ్చారు. 90తో మొదలై 80కి, తర్వాత 70కి దిగింది.

6. దెబ్బ తగిలేది ఎవరికి?

నా మనసుకు ఇప్పటికీ కష్టంగా ఉండేది ఇదే. స్పెయిన్‌లోని మలాగా 2013లో ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళింది, డార్ట్‌మండ్ చేతిలో ఇంజురీ టైమ్‌లో పడ్డ గోల్స్‌తో ఓడింది. అప్పటికే బకాయిల కారణంగా తర్వాతి సీజన్ యూరప్ పోటీలకు నిషేధం పడి ఉంది. బకాయిలు పెట్టింది యాజమాన్యం, ఏడ్చింది ఊరు. యజమానుల మీద నేరుగా పడే శిక్ష ఉండాలని నేను చాలా సభల్లో వాదించాను, ఇప్పటికీ అదే అంటాను. అలాగని నిబంధనే వద్దనలేను. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ గెలిచింది. తర్వాత రెండేళ్ళకే జీతాల బకాయిల గొడవల్లో ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. గచ్చిబౌలి స్టేడియంలో చప్పట్లు కొట్టిన పిల్లలకు ఆ నష్టం ఏ నిషేధంకన్నా తక్కువ కాదు.

7. దిగజారిన ఏడాదిలోనూ కాగితాలు సిద్ధంగా ఉంచండి

2010లో పోర్ట్స్‌మత్ ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పోయింది, అయినా ఎఫ్ఏ కప్పు ఫైనల్ చేరి చెల్సీతో ఓడింది. చెల్సీ ఎలాగూ ఛాంపియన్స్ లీగ్ ఆడుతుంది గనుక యూరోపా లీగ్ బెర్తు రన్నరప్‌కు రావాల్సింది. క్లబ్బు దివాలా ప్రక్రియలో ఉండటంతో లైసెన్సు లేకపోయింది. 2013లో విగాన్ కూడా ఎఫ్ఏ కప్పు గెలిచిన మూడు రోజులకే లీగులో కిందికి పడింది. వాళ్ళకు మాత్రం లైసెన్సు ఉంది. ఆ సెప్టెంబరులో రెండో అంచె జట్టుగానే వెళ్ళి, బెల్జియం క్లబ్బు జుల్టె వారెగెమ్‌తో యూరోపా లీగ్‌లో తొలి మ్యాచ్ 0-0తో డ్రా చేసుకున్నారు.