రాజైనా సేనాపతిగానే ఉండిపోయిన పుష్యమిత్ర శుంగుడు



పుష్యమిత్ర శుంగుడి గురించి వాట్సాప్‌లో రెండే రకాల కథలు తిరుగుతుంటాయి. ఒకదాంట్లో ఆయన ధర్మాన్ని నిలబెట్టిన వీరుడు, ఇంకోదాంట్లో బౌద్ధుల్ని వేటాడిన క్రూరుడు. రెండూ కాసేపు పక్కన పెట్టి, ఆయన బిరుదు దగ్గర మొదలుపెడదాం.

మౌర్యుల్లో చివరివాడు బృహద్రథుడు. ఆయన సేనాపతే పుష్యమిత్రుడు. క్రీ.పూ. 185 ప్రాంతంలో, సైన్యాన్ని చూపించే నెపంతో రాజును రప్పించి చంపేశాడు. ఈ వివరం బాణభట్టుడి హర్షచరితంలో ఉంది. రాజులు ఏమరుపాటుగా ఉంటే ఏమవుతుందో హర్షుడికి చెప్పే సందర్భం అది. బాణుడు అక్కడ పుష్యమిత్రుణ్ణి మెచ్చుకోలేదు, నీచుడనే అర్థం వచ్చే మాటే వాడాడు. స్వామిద్రోహం మన సంప్రదాయంలో చిన్న విషయం కాదు మరి. అదే వాక్యంలో బృహద్రథుణ్ణి కూడా మాట నిలబెట్టుకోలేనివాడని అన్నాడు.

ఇక బిరుదు. అయోధ్యలో దొరికిన ధనదేవుడి శాసనం పుష్యమిత్రుణ్ణి రెండు అశ్వమేధాలు చేసిన ‘సేనాపతి’ అంటుంది. అశ్వమేధం చేసినవాడు మహారాజు అనిపించుకోవాలి కదా! కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలోనూ అంతే. విదిశలో ఉన్న కొడుకు అగ్నిమిత్రుడు రాజు, యాగశాల నుంచి అతనికి ఉత్తరం రాసిన తండ్రి మాత్రం సేనాపతి. యాగాశ్వాన్ని యవనులు పట్టుకుంటే మనవడు వసుమిత్రుడు సింధు ఒడ్డున వాళ్లను ఓడించి తెచ్చాడనీ, కోపం వదిలేసి కోడళ్లతో సహా యాగానికి రమ్మనీ ఆ ఉత్తరం సారాంశం. ఇంటి పెద్దాయన రాసినట్టే ఉంటుంది.

మనకైతే ప్రమోషన్ రాగానే ముందు మారేది లింక్డ్‌ఇన్‌లో టైటిలే. ఈయన ఎందుకు మార్చుకోలేదు? నాకు తోచింది ఇది: ఆయన బలమంతా సైన్యమే. అది తన వైపు లేకపోతే బృహద్రథుణ్ణి చంపిన రోజు ఆయన ప్రాణాలతో మిగిలేవాడే కాదు. పైగా అది యవనుల దాడుల కాలం. సాకేతాన్ని యవనులు ముట్టడించారన్న సంగతి పతంజలి మహాభాష్యంలో ఒక వ్యాకరణ ఉదాహరణగా వస్తుంది. మొదలై ఇంకా పూర్తికాని పనికి వర్తమాన కాలం వాడాలని చెబుతూ, పుష్యమిత్రుడి చేత యాగం చేయిస్తున్నామన్న ఉదాహరణ కూడా ఇచ్చాడు. పతంజలి కాలాన్ని లెక్కకట్టడానికి పండితులకు ఇదొక ముఖ్యమైన ఆధారం.

బౌద్ధుల మాటకొస్తే, ఒక్కో భిక్షువు తలకు వంద దీనారాలు ప్రకటించాడని దివ్యావదానం చెబుతుంది. దీనారం రోమన్ నాణెం పేరు నుంచి వచ్చిన మాట, మన దేశంలో వాడుకలోకి వచ్చింది ఆయన తర్వాతే. కాబట్టి ఆ లెక్కను ఉన్నదున్నట్టు నమ్మలేం. భర్హుత్ స్తూప తోరణం శుంగుల రాజ్యంలో కట్టించినదని దాని మీదే రాసి ఉంది. అది ఆయన వారసుల కాలం కావచ్చు, అందుకని ఆయన బౌద్ధులను ఆదరించాడని దాన్నిబట్టి చెప్పడమూ తొందరపాటే.

పురాణాల లెక్కలో ఆయన పాలన 36 ఏళ్లు. ఆ తర్వాత అగ్నిమిత్రుడు. వంశంలో చివరివాడైన దేవభూతిని చంపించింది ఆయన సొంత మంత్రి వాసుదేవుడే.